కాఫీ హౌస్ కార్మికులను యజమానులుగా నిలబెట్టిన ఎ.కె. గోపాలన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం గురించి నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం మిత్రులు నన్ను కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు సహకార శాఖలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. వాటాధనం రిజిస్టర్లు, సర్వసభ్య సమావేశం మినిట్సు పుస్తకాలు, ఆడిట్ అభ్యంతరాలు, వీటి మధ్యనే నా సర్వీసంతా గడిచింది. అందుచేత నా బుద్ధికి తోచిన మనిషి కూడా ఆ దారిలోనే తోచాడు. ఆయన ఎ.కె. గోపాలన్. కేరళ ప్రజలు ఎ.కె.జి. అని ముద్దుగా పిలుచుకునే నాయకుడు. ఆయన పార్టీ సిద్ధాంతాలతో మనలో ఏకీభవించేవారూ ఉంటారు, విభేదించేవారూ ఉంటారు. ఆ చర్చ ఇక్కడ నా ఉద్దేశం కాదు. మూతబడుతున్న ఒక సర్కారు సంస్థలోని చిరుద్యోగులకు ఆయన చూపిన దారి గురించి చెప్పాలన్నదే నా కోరిక.

మనవాళ్ళు కాఫీ, టిఫిన్లు దొరికే ప్రతి చోటునూ హోటలనే అంటారు. ఆ లెక్కన ఇది ఒక హోటళ్ళ కథ. అయితే అన్ని హోటళ్ళలాగా ఒక సేటు పెట్టి, ఆయన కొడుకు పెంచిన హోటళ్ళు కావు ఇవి. బల్లల దగ్గరికి కాఫీ మోసుకొచ్చిన సర్వర్లూ, వంటవాళ్ళూ, కప్పులు కడిగినవాళ్ళూ కలిసి నిలబెట్టుకున్నవి.

గోపాలన్ గారు 1904 అక్టోబరు 1వ తేదీన ఉత్తర కేరళలోని కన్నూరు దగ్గర పెరళశ్శేరి ప్రాంతంలో, పలుకుబడి గల నంబియార్ల కుటుంబంలో జన్మించారు. పూర్తి పేరు ఆయిల్యత్ కుట్టియారి గోపాలన్. ఆ రోజుల్లో మలబారు జిల్లా, మన కోస్తా జిల్లాలు, రాయలసీమ జిల్లాలు అన్నీ మద్రాసు రాజధానిలోనే ఉండేవి. అంటే ఆయనకూ మన తాత తండ్రులకూ సర్కారు ఒక్కటే, కలెక్టరు కచేరీల రివాజు కూడా ఒక్కటే. చదువు ముగించి ఆయన బడిపంతులుగా కొన్నేళ్ళు పనిచేశారు. నెల జీతం, గౌరవం ఉన్న ఉద్యోగం. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేసరికి ఆ ఉద్యోగం వదులుకుని కాంగ్రెస్ ఉద్యమంలోకి దిగి జైలుకు వెళ్ళారు.

1931 నవంబరులో గురువాయూరు గుడిలోకి అందరికీ ప్రవేశం ఉండాలంటూ కేలప్పన్ గారి నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. వాలంటీర్ల దళానికి గోపాలన్ గారే కెప్టెన్. అక్కడ ఆయన తిన్న దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. నెలల తరబడి సాగిన ఆ సత్యాగ్రహం 1932లో గాంధీగారి సలహాపై ఆగింది. గుడి తలుపులు అందరికీ తెరుచుకున్నది 1947లో. పదిహేనేళ్ళ తరువాత అన్నమాట. పని మొదలుపెట్టిన నాడే ఫలితం రాకపోయినా పట్టు విడవకూడదన్న పాఠం ఆయన అక్కడే నేర్చుకుని ఉంటారని నాకనిపిస్తుంది.

1936లో కన్నూరు నుంచి మద్రాసుకు నిరుద్యోగుల ఆకలి యాత్ర బయలుదేరింది. సుమారు 750 మైళ్ళు కాలినడక. ముందు నడిచినవారు గోపాలన్ గారు. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆగి సభ పెట్టడం, ఊరివాళ్ళు పెట్టింది తినడం, మళ్ళీ నడవడం. కాంగ్రెస్ నుంచి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి, అక్కడి నుంచి కమ్యూనిస్టు పార్టీకి ఆయన ప్రయాణం ఆ దశాబ్దంలోనే జరిగింది. 1941లో నిర్బంధించి వేలూరు జైల్లో పెడితే, గోడకు కన్నం వేసి తోటి ఖైదీలతో సహా తప్పించుకున్నారు. యుద్ధం ముగిసేదాకా అజ్ఞాతవాసమే. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేస్తుంటే ఆయన జైల్లో ఉన్నారు.

కోర్టు వ్యవహారాలతో పరిచయం ఉన్న మిత్రులకు ఆయన పేరు మరో విధంగా కూడా గుర్తుంటుంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొత్తలో, నివారక నిర్బంధ చట్టం కింద తనను జైల్లో ఉంచడం చెల్లదంటూ ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1950 మేలో వచ్చిన ఆ తీర్పు ఆయనకు వ్యతిరేకంగానే వచ్చింది. అయితే ఆనాడు ఆయన లేవనెత్తిన వాదనలోని బలాన్ని తరువాతి కాలంలో కోర్టే గుర్తించింది. 1978లో మేనకా గాంధీ కేసు తీర్పుతో పాత దృక్పథం మారింది. అప్పటికి ఆయన లేరు.

1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికై, 1957, 1962, 1967, 1971లలో కూడా వరుసగా గెలిచారు. ఐదుసార్లు గెలిచినా ఆయన ఎక్కువగా కనిపించింది కూలీల మధ్య, కౌలుదార్ల మధ్య, ఉద్యోగం పోయినవాళ్ళ మధ్య.

ఇక కాఫీ సంగతికి వస్తాను. 1930ల ప్రపంచ ఆర్థిక మాంద్యంలో కాఫీ ధర పడిపోయింది. తోటల్లో పండిన గింజకు విదేశాల్లో గిరాకీ తగ్గింది. మన దేశంలోనే కాఫీ అలవాటు పెంచాలన్న ఉద్దేశంతో కాఫీ సెస్సు కమిటీ 1936లో బొంబాయి చర్చిగేట్ దగ్గర మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచింది. తరువాత ఆ బాధ్యత కాఫీ బోర్డుకు వచ్చింది. 1940లలో దేశం మొత్తం మీద యాభైకి దగ్గరగా కాఫీ హౌస్‌లు నడిచాయి. కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లోని ఆల్బర్ట్ హాలులో నడిచింది వీటిలో పేరుమోసినది. తెల్లని దుస్తులు, నడుముకు పట్టీ, తల మీద విసనకర్రలా విచ్చుకున్న కుచ్చు తలపాగా, ఇదీ సర్వర్ల వేషం. రాజుగారి దర్బారులో బంట్రోతులా కనిపించేవాడు గాని, ఆ మనిషి చిరుద్యోగి. ఉద్యోగం బోర్డు దయ.

1950ల మధ్యకు వచ్చేసరికి బోర్డు తన విధానం మార్చుకుంది. కాఫీ హౌస్‌లు మూసివేయాలన్న నిర్ణయం వచ్చింది. పనివాళ్ళకు ఉద్వాసన. ఈ మాటలోని బరువు మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మా తోడల్లుడు పనిచేసిన ఒక కర్మాగారం మూతబడినప్పుడు ఆ ఇంట్లో ఆరునెలలు ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. చేతికి వచ్చిన సొమ్ము ఆడపిల్ల పెళ్ళికి పోగా మిగిలింది అంతంతమాత్రం. నలభై ఆరేళ్ళ వయసులో కొత్త పని ఎవరిస్తారు? కప్పులు మోయడం తప్ప మరో విద్య తెలియని కాఫీ హౌస్ కార్మికుడి ఇల్లు 1957లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కాఫీ హౌస్ కార్మికుల పక్షాన నిలబడినవారు గోపాలన్ గారు. అప్పటికి ఆయన పార్లమెంటులో ప్రతిపక్షంలో పేరున్న నాయకుడు. కేరళలో ఆయన పార్టీ ప్రభుత్వం 1957 ఏప్రిల్‌లో ఏర్పడింది. సమ్మె చేయించడం, ధర్నా చేయించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కాని మూసేస్తానన్న యజమాని దగ్గర సమ్మె ఏం పని చేస్తుంది? తలుపు వేసి తాళం పెట్టడానికి సిద్ధమైనవాడికి పని ఆపేస్తామన్న బెదిరింపు బెదిరింపు కాదు. అందుకని ఆయన కార్మికులకు వేరే దారి చెప్పారు. మీరే సహకార సంఘాలుగా ఏర్పడండి, ఆ హోటళ్ళను మీరే తీసుకుని నడపండి అని.

ఈ సలహా వినడానికి తేలిక. అమలుకు ఎంత కష్టమో సహకార శాఖలో పనిచేసినవాడిగా నాకు కొంత తెలుసు. నిన్నటిదాకా జీతం పెంచమని అడిగినవాడు రేపటి నుంచి ఆ జీతం ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించాలి. గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలి? పాలు ఎవరు కొనాలి? ఆలస్యంగా వచ్చిన స్నేహితుణ్ణి ఎవరు మందలించాలి? సంఘం సభ్యుడే పనివాడు, పనివాడే యజమాని. ఇద్దరి పేచీ ఒకే మనిషి మనసులో జరుగుతుంది. నా సర్వీసులో నేను చూసిన ఒక చిన్న సొసైటీ మంచి ఊపులో మొదలై మూడో ఏటికే చతికిలబడింది. కారణం పెద్దదేమీ కాదు. సభ్యులు ఒకరికొకరు అరువులిచ్చుకున్నారు, వసూలు చేయడానికి మొహమాటపడ్డారు.

కాఫీ హౌస్ కార్మికులు ఆ గండం ఎలా దాటారో పరిశీలిస్తే నాకు నాలుగు సంగతులు కనిపిస్తాయి.

మొదటిది, మూతబడుతున్నదేదో, మిగులుతున్నదేదో వాళ్ళు వేరు చేసి చూశారు. పోతున్నది బోర్డు యాజమాన్యం. కాఫీ తాగేవాడు ఎక్కడికీ పోలేదు. వంటవాడి చేతి రుచి పోలేదు. పొద్దున్నే వచ్చి కూర్చునే పంతుళ్ళు, వకీళ్ళు, పత్రికలవాళ్ళు పోలేదు. కలకత్తా కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్ 1958లో మూతబడితే, తెరవమని విశ్వవిద్యాలయం, ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యులు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. అదే ఏడాది అది తిరిగి తెరుచుకుంది. వాడుకగా వచ్చే ఖాతాదారు అంటే సంస్థకు ఎంత ఆస్తో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

రెండవది, దేశానికంతటికీ ఒక్క పెద్ద సంఘం పెట్టి ఢిల్లీ నుంచి నడిపిద్దామని అనుకోలేదు. ఎక్కడివారు అక్కడ సంఘం పెట్టుకున్నారు. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో మొదటి సంఘం ఏర్పడింది. ఆ ఏడాది చివరి నెలల్లో ఢిల్లీలో కార్మికుల సొంత కాఫీ హౌస్ తెరుచుకుంది. 1958 మార్చి 8న త్రిశూరులో కేరళ కాఫీ హౌస్ మొదలైంది. పాండిచ్చేరి, లక్నో, నాగపూర్, జబల్‌పూర్, కలకత్తా, పూనా ఇలా ఒక్కొక్కటే వచ్చాయి. కేరళలోనే త్రిశూరు, కన్నూరు కేంద్రాలుగా రెండు సంఘాలు ఉన్నాయి. పైన అన్నిటికీ కలిపి ఒక సమాఖ్య. ఒకచోట నష్టం వస్తే అందరూ మునగరు. పద్దులు ఎదుట కనబడే దూరంలో ఉంటాయి. సభ్యుడు లేచి లెక్క అడగగలడు.

మూడవది, మార్చవలసినంతే మార్చారు. పేరులో ఇండియా కాస్తా ఇండియన్ అయింది. తలపాగా అలాగే ఉంచారు, నడుము పట్టీ అలాగే ఉంచారు. బల్లలు, కప్పులు, కాఫీ రుచి అవే. వచ్చినవాడికి తేడా తెలియదు. తేడా అంతా లోపల. ఆ కుచ్చు తలపాగా పెట్టుకున్న మనిషి ఇప్పుడు బంట్రోతు కాడు, వాటాదారు. సర్వసభ్య సమావేశంలో వంటవాడికీ ఒకటే ఓటు, మేనేజరుకూ ఒకటే ఓటు. పాలకవర్గం ఎన్నిక అవుతుంది. కప్పులు కడగడంతో ప్రవేశించినవాడు సర్వరై, ఆపైన మేనేజరయ్యే మెట్లు కేరళ సంఘాల్లో ఉన్నాయి. మన ఆఫీసుల్లో అటెండరుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయినవారిని మనం ఎంత గౌరవంగా చూస్తామో తెలుసు కదా. అక్కడ అది వింత కాదు, మామూలు రివాజు.

నాలుగవది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. దారి చూపిన పెద్దమనిషి హోటళ్ళకు యజమానిగా కూర్చోలేదు. రోజువారీ పాలన ఆ పని తెలిసినవాళ్ళ చేతిలోనే ఉంది. త్రిశూరు సంఘాన్ని నడిపినవారిలో పరమేశ్వరన్ పిళ్ళై గారు స్వయంగా కాఫీ హౌస్ ఉద్యోగి. ఆయన తరువాతి కాలంలో కాఫీ హౌస్ కథను మలయాళంలో పుస్తకంగా కూడా రాశారు. నాయకుడు పక్కకు తప్పుకున్నాక కూడా నిలబడితేనే సంఘం నిలబడినట్టు.

కొన్నేళ్ళ క్రితం మన పెన్షనర్ల బృందంతో కన్యాకుమారి యాత్రకు వెళ్ళినప్పుడు తిరువనంతపురం తంబానూరు బస్టాండు పక్కన కాఫీ హౌస్ చూశాను. లారీ బేకర్ అనే వాస్తుశిల్పి కట్టిన ఎర్రని గుండ్రటి భవనం. మెట్లు లేవు, నేలే మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. గోడ పొడుగునా బల్లలు. మసాలా దోసెలో బీట్‌రూట్ పెట్టారని మావాళ్ళు కొందరు ముఖం చిట్లించారు గాని ప్లేట్లు మాత్రం ఖాళీ చేశారు. మాకు వడ్డించిన మనిషికి యాభై ఏళ్ళుంటాయి. ఒక చేత్తో నాలుగు ప్లేట్లు పట్టుకుని ఆ ఏటవాలు నేల మీద తొట్రుపడకుండా నడిచాడు. బిల్లు ఎక్కువేమీ కాలేదు. ఇతను ఈ హోటలు యజమానుల్లో ఒకడు అని నేను చెబితే మా బృందంలో ఒకావిడ నమ్మలేదు. ఆమె వెనక్కి తిరిగి మళ్ళీ ఒకసారి అతన్ని చూసింది.

అంతా సవ్యంగానే జరిగిందని రాస్తే అది చరిత్ర కాదు, భజన అవుతుంది. ఎమర్జెన్సీ కాలంలో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌస్ కూల్చివేతకు గురైంది. బెంగుళూరు ఎం.జి. రోడ్డులో అర్ధశతాబ్దం నడిచిన కాఫీ హౌస్ అద్దె వివాదం వల్ల 2009లో చోటు ఖాళీ చేసి చర్చ్ స్ట్రీట్‌కు మారవలసి వచ్చింది. కొత్త రకం కాఫీ దుకాణాలు చల్లని గదులతో వీధివీధికీ వచ్చాయి. కాఫీ హౌస్‌లలో కొన్ని వెలవెలబోయాయి. కొన్ని సంఘాలు మాత్రం పుంజుకున్నాయి. జబల్‌పూర్ సంఘం కాఫీ హౌస్‌లతో పాటు బస గదులు కూడా నడుపుతోంది. దేశం మొత్తం మీద పదమూడు సంఘాలు, నాలుగు వందల దాకా కాఫీ హౌస్‌లు అని లెక్క చెబుతారు. మూసేద్దామనుకున్న యాభై ఎక్కడ, ఈ నాలుగు వందలు ఎక్కడ!

గోపాలన్ గారి సొంత జిల్లా కన్నూరులో 1969లో బీడీ కార్మికులు కూడా పని పోయిన పరిస్థితిలో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. బీడీలకు గిరాకీ తగ్గిన రోజుల్లో వాళ్ళు గొడుగులు, తినుబండారాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఒకసారి సొంత కాళ్ళ మీద నిలబడ్డం అలవాటైతే రెండోసారి దారి మార్చుకోవడానికి అంత భయం ఉండదు కాబోలు.

గోపాలన్ గారి మిగతా జీవితం కూడా పోరాటాల్లోనే గడిచింది. 1961లో ఇడుక్కి జిల్లా ప్రాంతంలోని అయ్యప్పన్‌కోవిల్ నుంచి ఖాళీ చేయించిన రైతు కుటుంబాలను వానలో వదిలేస్తే, అమరావతి అనే చోట వారి మధ్య కూర్చుని నిరాహారదీక్ష చేశారు. పేరు మన అమరావతే గాని ఊరు అక్కడిది. 1964లో పార్టీ చీలినప్పుడు ఆయన సి.పి.ఎం. పక్షాన నిలబడ్డారు. ఆ పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి మన పుచ్చలపల్లి సుందరయ్య గారు. 1975లో ఎమర్జెన్సీ ప్రకటించినప్పుడు ఆయన్ను అరెస్టు చేసి కొద్దిరోజులకు వదిలారు. ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది. అయినా ఆ జూలైలో లోక్‌సభలో లేచి ఎమర్జెన్సీని వ్యతిరేకిస్తూ మాట్లాడారు. 1977 మార్చిలో ఎన్నికల ఫలితాలు వెలువడుతున్న వేళ ఆయన తిరువనంతపురం ఆసుపత్రిలో మంచం మీద ఉన్నారు. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తివేశారు. 22వ తేదీన ఆయన కన్నుమూశారు. భార్య సుశీలా గోపాలన్ గారు కూడా పార్లమెంటు సభ్యురాలిగా, 1996 తరువాత కేరళ పరిశ్రమల మంత్రిగా పనిచేసి 2001లో మరణించారు.

మిత్రులారా, మనకు సర్కారు పెన్షను ఉంది. ఒకటో తారీఖున బ్యాంకులో పడుతుంది. మన పిల్లల్లో ఎందరికి ఆ ధీమా ఉంది? కంపెనీ చేతులు మారిందని ఒకరు, విభాగం ఎత్తేశారని ఒకరు, మూడు నెలల జీతమిచ్చి పంపేశారని ఒకరు ఇంటికి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అలాంటి రోజున మనం వారికి ధైర్యం చెబుతాం, దేవుడున్నాడంటాం. ఆ మాటతో పాటు ఈ కాఫీ హౌస్ కథ కూడా చెప్పండి. పోయింది ఉద్యోగమా, చేతిలో విద్యా అని అడగండి. వాళ్ళతో పాటు పని పోయినవాళ్ళు ఇంకెందరున్నారో, వాళ్ళ పనితనాన్ని నమ్మి వచ్చే ఖాతాదార్లు ఎవరున్నారో కాగితం మీద రాయమనండి. అందరికీ సహకార సంఘమే మందు అని నేననను. చాలా సంఘాలు చితికిపోవడం నా కళ్ళతో చూశాను. కాని లెక్క సూటిగా రాసి, అరువు తెగేసి చెప్పి, ఒక మనిషికి ఒక ఓటు అన్న మాట మీద నిలబడిన చోట, కప్పులు మోసినవాళ్ళు అరవై ఏళ్ళు దాటినా హోటళ్ళు నడుపుతున్నారు. చదువుకున్న మన పిల్లలు అంతకన్నా తక్కువవాళ్ళేమీ కాదు.

ఎవరైనా మిత్రులకు సహకార సంఘం రిజిస్ట్రేషను, ఉపనిబంధనలు, వాటాధనం వగైరా విషయాల్లో సందేహాలుంటే మన నెలవారీ సమావేశంలో నన్ను అడగవచ్చు. కళ్ళు కాస్త మసకబారాయి గాని ఆ నిబంధనలు ఇంకా నోటికి వస్తాయి. ఇక సెలవు.